అస్సు దాకా ఒంటరిగా



ఈ నెల పెద్దల కూడికలో ఒక విషయం మీద చాలాసేపు మాట నడిచింది. మన సంఘంలో ఒక యవ్వనస్థుడు రోడ్డు సైకిల్ కొన్నాడు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న రకం. తెల్లవారకముందే బయల్దేరి పద్మనాభం వైపు ఒక్కడే అరవై, డెబ్బై కిలోమీటర్లు తొక్కి వస్తున్నాడు. వారమంతా విశాఖలో ఉద్యోగం. అతనికి చేతికి దొరికేది ఆదివారం ఉదయం ఒక్కటే. అందువల్ల ఈ రెండు నెలల్లో మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. పేరు రాయను. ఆ హెల్మెట్ మన ఊళ్లో అందరికీ తెలుసు గనుక రాయనక్కర్లేదు కూడా. ఇది రాస్తున్న సంగతి అతనికి చెప్పాను. "రాయండి అయ్యగారూ, నా తరఫు మాట కూడా రాయండి" అన్నాడు.

రెండు తరఫుల మాటా రాస్తాను. ఆ తర్వాత నా అభిప్రాయం చెబుతాను. ఇది ఒక్క కుర్రవాడి సంగతి కాదు. రేపు ఇంకొకరి బిడ్డ పరుగు పందేలకు వెళ్తాడు, మరొకరి బిడ్డ కొండలెక్కడానికి వెళ్తుంది. అప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది.

పెద్దల బాధ

మన పెద్దల్లో ఒకాయన అన్న మాట ఇది: "ఏటి అయ్యగారూ, లచ్చ రూపాయలెట్టి సైకిలు కొన్నాడంట. మేం బండి కొనలేక తొక్కినాం. ఈడు బండుండీ తొక్కుతన్నాడు."

అందరూ నవ్వారు. కానీ ఆ మాటలో నవ్వే సంగతి లేదు. మన సంఘంలో యాభై దాటిన మగవాళ్లలో ఎక్కువమంది సైకిల్ మీద బతికినవాళ్లే. కొందరు పాల క్యాన్లు కట్టుకుని తగరపువలస వెళ్లారు. కొందరు చీరల మూట కట్టుకుని ఊరూరా తిరిగారు. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని దొరికినవాళ్లు గాజువాక దగ్గర అద్దె గదుల్లో ఉంటూ సైకిల్ మీదే షిఫ్టుకు వెళ్లారు. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఆ ఫ్యాక్టరీలో ఇంజినీర్లు బస్సుల్లో, కార్లలో లోపలికి పోతుంటే, టిఫిన్ క్యారేజీ హ్యాండిల్‌కు తగిలించుకున్న మనవాళ్లు పక్కనుంచి తొక్కుకుంటూ పోయారు. వాళ్లకు సైకిల్ అంటే లేమి. పిల్లలకు ఆ బాధ ఉండకూడదనే కష్టపడ్డారు. ఇప్పుడు కొడుకు వయసువాడు దాన్ని సరదాగా తొక్కుతుంటే, తమ కష్టాన్ని ఎవరో ఆటవస్తువుగా మార్చినట్టు వాళ్లకు అనిపిస్తుంది. యవ్వనస్థులారా, దీన్ని చాదస్తం అని కొట్టిపారేయకండి.

రెండో బాధ వాక్యానికి సంబంధించింది. సమాజంగా కూడుకోవడం మానవద్దని హెబ్రీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయం చెబుతుంది. పెద్దలు దాన్ని ఎత్తి చూపారు. చూపడం వాళ్ల బాధ్యత.

కుర్రవాడి మాట

అతన్ని విడిగా కూర్చోబెట్టి అడిగాను. "ఒక్కడివే ఎందుకు వెళ్తావు? సిటీలో సైకిల్ గ్రూపులు ఉన్నాయి కదా. బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా అందరూ కలిసి వెళ్తారు కదా."

అతను చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను. వారమంతా ఫోను, మీటింగులు, హారన్లు. సిటీలో ఇంటికి వచ్చాక కూడా పక్కవాళ్ల టీవీ. ఆనందపురం జంక్షన్ దాటేసరికి చీకట్లోనే పూల మార్కెట్ మేలుకుని ఉంటుంది. బంతి, చామంతి బుట్టలు తూకం వేస్తుంటారు. హైవే వదిలి పద్మనాభం వైపు తిరిగాక లారీల మోత వెనకబడిపోతుంది. అక్కడినుంచి రోడ్డు మిట్టపల్లాలు. ఎర్ర గరువులు, జీడిమామిడి తోటలు, సరుగుడు, గట్ల మీద తాటిచెట్లు. ఒక మిట్ట ఎక్కేటప్పుడు ఊపిరి తప్ప వేరే ఆలోచన ఉండదు. దిగేటప్పుడు చెమట ఆరిపోతుంది. మళ్లీ మిట్ట. గోస్తనీ నది దగ్గరికి వచ్చేసరికి తెల్లవారుతుంది. "అక్కడ నాకు ప్రార్థన వస్తుంది అయ్యగారూ. ఎవరో నేర్పిన మాటలు కావు. నా మాటలే వస్తాయి. మందిరంలో నాకు మైకు తప్ప ఏమీ వినబడదు" అన్నాడు.

ఈ చివరి మాట నన్ను పట్టుకుంది. చిన్న మందిరంలో అరవై మందికి నాలుగు స్పీకర్లు పెడతాం. కీబోర్డు, ప్యాడ్లు, ప్రతి నిమిషానికీ ఏదో ఒక శబ్దం. నిశ్శబ్దంగా కూర్చునే సమయం మన ఆరాధన క్రమంలో ఎంత ఉంది? ఒక విశ్వాసి నిశ్శబ్దం కోసం అరవై కిలోమీటర్లు తొక్కవలసి వస్తుంటే, దానికి జవాబు అతనొక్కడే చెప్పుకోవాలా? ఇది సంఘం అంతా ఆలోచించుకోవాల్సిన విషయం.

ఇక ఆ దారి సంగతి. అది దేవుడు చేసిన అందమైన నేల. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ తాటిపూడి జలాశయం దాటి, మన పల్లెల మధ్యగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పద్మనాభం దగ్గర 1794లో విజయనగరం రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి ప్రాణం విడిచాడు. అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి ఆ మండలంలోనే ఉంది. కారులో పోతే ఇవి బోర్డుల మీద పేర్లు. సైకిల్ మీద పోయేవాడికి ఏ ఊళ్లో బావి ఉందో, ఏ పొలంలో నువ్వులు కోశారో, ఎక్కడ మిట్ట మొదలవుతుందో కాళ్లకు తెలుస్తుంది. మన పొరుగువారి ఊళ్లను మనం ఆ మాత్రం నెమ్మదిగా చూడాలి అనే నేను అంటాను.

పౌలు ఎందుకు ఓడ ఎక్కలేదు?

ఇప్పుడు వాక్యానికి వద్దాం. అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం తీయండి. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా బోధించాడు. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యవ్వనస్థుడు నిద్రపట్టి మూడో అంతస్తునుంచి కిందపడ్డాడు. ఆ కథ అందరికీ తెలుసు, ప్రసంగం ఎక్కువైనప్పుడల్లా మీరు నాకు గుర్తుచేస్తుంటారు కూడా. ఆ తర్వాత పౌలు మళ్లీ పైకి వెళ్లి, రొట్టె విరిచి, తెల్లవారేదాకా మాట్లాడాడు.

దాని వెనకే ఉన్న పదమూడో వచనం మీద మాత్రం ప్రసంగాలు తక్కువ. తోటివాళ్లందరూ ఓడ ఎక్కారు. పౌలు ఎక్కలేదు. అస్సు దాకా తాను కాలినడకన వస్తానని, అక్కడ తనను ఎక్కించుకోమని ముందే ఏర్పాటు చేశాడు. రాత్రంతా నిద్ర లేని మనిషి. ఓడలో పడుకుని వెళ్లవచ్చు. ముప్పై కిలోమీటర్లకు పైబడిన ఆ దారిని నడవడానికే ఎంచుకున్నాడు. ఎందుకో లూకా రాయలేదు. ఒక్కటి మాత్రం మనకు తెలుసు: ఆయన వెళ్తున్నది యెరూషలేముకు. అక్కడ బంధకాలు ఉన్నాయని పట్టణం పట్టణంలో ఆత్మ తనకు చెబుతున్నాడని అదే అధ్యాయంలో ఎఫెసు పెద్దలతో అంటాడు. అలాంటి దారిలో ఉన్న మనిషి ఒక్క పగలు దేవునితో ఒంటరిగా నడవాలనుకుంటే మనకు ఆశ్చర్యం అక్కర్లేదు.

మన ప్రభువు కూడా అంతే. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కపెర్నహూములో సాయంత్రం ఊరంతా ఇంటి తలుపు దగ్గర కూడింది. మరుసటి ఉదయం ఇంకా చీకటి ఉండగానే లేచి, అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడు. శిష్యుల్ని లేపలేదు.

కాబట్టి పెద్దలారా, నా అభిప్రాయంలో మొదటి భాగం ఇది. చీకటి ఉండగానే లేచి ఒంటరిగా బయటికి వెళ్లడం దానంతట అది పాపం కాదు, లోకాశ కాదు. శరీర సాధకం కొద్దిపాటి ప్రయోజనమే అని పౌలు తిమోతికి రాశాడు, నిజమే. కానీ కొద్దిపాటి అన్నాడు, ప్రయోజనం లేదనలేదు. ఆ సైకిల్ ధర గురించి వాళ్ల ఇంట్లో మాట్లాడుకోవాలి. అమ్మానాన్నల మందులకు, చెల్లెలి ఫీజుకు లోటు లేకుండా తన జీతంలో దాచుకుని కొన్నాడని నాకు తెలుసు. అంతకంటే ఖరీదైన ఫోన్లు మన బెంచీల మీద ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. అతన్ని వెక్కిరించడం ఆపండి.

ఓడ అస్సులో ఆగింది

ఇప్పుడు తమ్ముడూ, నీతో మాట్లాడాలి.

ఆ వచనాన్ని సగంలో ఆపకూడదు. పద్నాలుగో వచనం కూడా చదువు. పౌలు అస్సులో వాళ్లను కలుసుకున్నాడు. వాళ్లు ఆయన్ని ఎక్కించుకుని మితులేనేకు వచ్చారు. ఆయన ఒంటరిగా నడిచింది ఓడ తప్పించుకోవడానికి కాదు. ఎక్కడ కలవాలో ముందే చెప్పి నడిచాడు, చెప్పిన చోటికి చేరాడు. పైగా, నడక మొదలుపెట్టేముందు ఆయన ఎక్కడున్నాడు? లూకా రోజు కూడా రాశాడు. ఆదివారమున వాళ్లు రొట్టె విరవడానికి కూడినప్పుడు ఆయన వాళ్లతో ఉన్నాడు. కూడికలో ఉండి, బల్లలో పాలుపొంది, ఆ తర్వాతే ఒంటరి దారి పట్టాడు.

నువ్వు అంటావు, నాకు ఆ రోడ్డు మీద దేవుడు దొరికాడు, అది చాలు అని. దొరికాడని నేనూ నమ్ముతున్నాను. చాలు అనే మాటే నేను ఒప్పుకోను.

ఏలీయాను చూడు. బేయేర్షెబా దగ్గర తన దాసుణ్ణి విడిచిపెట్టి, ఒంటరిగా అరణ్యంలోకి వెళ్లాడు. నలభై రాత్రింబగళ్లు నడిచి హోరేబు చేరాడు. గాలి, భూకంపం, మంట అయ్యాక నెమ్మదైన స్వరం వినబడింది. ఇంతవరకు నీ కథే. కానీ ఆ స్వరం ఏం చెప్పింది? ఇక్కడే ఉండమని చెప్పలేదు. వచ్చిన దారినే తిరిగి వెళ్లమంది. నేనొక్కడినే మిగిలాను అని ఏలీయా రెండుసార్లు అంటే, మోకాలు వంచనివాళ్లు ఏడు వేలమంది ఉన్నారని చెప్పింది. ఎలీషా అనే తోటివాణ్ణి చూపించింది. కొండమీద ఒంటరిగా దేవుని స్వరం విన్నవాడు తిరిగి మనుషుల దగ్గరికే వచ్చాడు.

నీ సైకిలే నీకు ఇది నేర్పుతుంది. ఒక్కడివే చదునైన రోడ్డు మీద వేగంగా తొక్కేటప్పుడు నీ బలంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. ముందు ఇంకొకరు ఉండి, నువ్వు వాళ్ల చక్రం వెనకే పోతే, దాదాపు నాలుగో వంతు శ్రమ తగ్గుతుంది. అందుకే గుంపుగా వెళ్లేవాళ్లు వంతులవారీగా ముందుకు వస్తారు. ఎదురుగాలిలో అలసినవాడు వెనక్కి వెళ్తాడు, కాస్త ఊపిరి పీల్చుకున్నవాడు ముందుకు వస్తాడు. సంఘం అంటే నాకు తెలిసిన మంచి పోలికల్లో ఇదొకటి. నీకు కాళ్లలో బలం ఉంది కాబట్టి ఇవాళ ఎదురుగాలి ఒక్కడివే తోయగలవు. నీ వెనక నీడ కావాల్సినవాళ్లు మన బెంచీల మీద ఉన్నారు. భర్త చనిపోయిన సహోదరి ఉంది. ప్లాంటులో కాంట్రాక్టు పోయిన అన్న ఉన్నాడు. మూడు ఆదివారాలు నువ్వు రాకపోతే నీకు ఏం తగ్గిందో నాకు తెలియదు. వాళ్లకు మాత్రం ఒక చక్రం తగ్గింది. ఇంతకీ, ఏదో ఒక రోజు నీకూ ఎదురుగాలి వస్తుంది. ఆ రోజు ఎవరి వెనక వెళ్తావు?

మనం చదువుకునే వాక్యం కూడా మన ప్రాంతంలో ఇలాగే పుట్టింది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చారు. ప్రభువు శిష్యుల్ని ఇద్దరిద్దరుగా పంపినట్టే ఇద్దరుగా వచ్చారు. ఆనందరాయర్ అనే విశ్వాసి వాళ్లకు తోడయ్యాడు. వాళ్లు కలిసి కూర్చుని సువార్తల్ని తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ ఈ నేలమీదే చనిపోయారు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు అందుకోకపోతే ఆ పని మధ్యలోనే ఆగిపోయేది.

ఈ గొడవ కొత్తది కాదు

సైకిల్‌కూ ఆదివారానికీ మధ్య తగువు మన ఊళ్లో మొదలవలేదు. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో ఇప్పటి సైకిల్ ఆకారాన్ని తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. తర్వాతి పదేళ్లలో ఇంగ్లండు, అమెరికా దేశాల్లో జనం ఆదివారాల్లో పల్లెదారులు పట్టారు. మందిరాలు ఖాళీ అవుతున్నాయని కొందరు కాపరులు ఉరిమి ప్రసంగించారు. మరికొందరు మందిరం దగ్గర సైకిళ్లు పెట్టుకునే చోటు ఏర్పాటు చేసి, దుమ్ము బట్టలతోనే లోపలికి రమ్మన్నారు. ఇంగ్లండులోని మెరిడెన్ అనే ఊళ్లో, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైకిలిస్టుల జ్ఞాపకంగా 1921లో ఒక స్తంభం నిలిపారు. ఏటా సైకిళ్ల మీద వచ్చినవాళ్లు అక్కడ కూడి ఆరాధన చేస్తారు. ఉరిమినవాళ్లు, రమ్మన్నవాళ్లు ఇద్దరిలో ఎవరు మంచి కాపరులో మీరే ఆలోచించండి.

పెద్దలు ఎరిక్ లిడిల్ పేరు కూడా ఎత్తారు. మంచి పేరే ఎత్తారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ప్రాథమిక పరుగు ఆదివారం పడిందని ఆయన పరుగెత్తలేదు. నాలుగు వందల మీటర్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చుకున్నాడు. కానీ ఆయన కథ అక్కడ ఆగలేదు. చైనాకు మిషనరీగా వెళ్లి పల్లెల్లో సైకిల్ మీద తిరిగి సువార్త చెప్పాడు. యుద్ధకాలంలో జపాను సైన్యం వేయిషియన్ శిబిరంలో నిర్బంధించినప్పుడు, అక్కడి పిల్లలు ఆదివారం హాకీ ఆడుతూ కొట్టుకుంటుంటే, మళ్లీ కొట్టుకోకుండా తానే రిఫరీగా నిలబడ్డాడని ఆయనతో ఉన్నవాళ్లు చెప్పారు. తన పతకం కోసం ఆదివారం పరుగెత్తనివాడు, పిల్లల మేలు కోసం ఆదివారం మైదానంలో నిలబడ్డాడు. 1945లో ఆ శిబిరంలోనే ప్రభువు దగ్గరికి వెళ్లాడు. ఆదివారాన్ని ఎవరికోసం వాడుతున్నాం అన్నదే ఆయనకు ప్రశ్న. మనకూ అదే ప్రశ్న కావాలి.

ఇంకొక మాట. ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్లు ఆదివారమని ఆపలేరు. మూడు షిఫ్టులూ నడవాల్సిందే. పోర్టులో ఓడ వస్తే క్రేను తిరగాల్సిందే. ఆసుపత్రిలో మన ఆడపిల్లలు నర్సులుగా ఆదివారం డ్యూటీ చేస్తున్నారు. వాళ్లను మనం ఏనాడూ తప్పుపట్టలేదు, పట్టకూడదు. ముహూర్తం ఆదివారం పడిందని పెళ్లికి వెళ్లినవాళ్లనూ ఏమీ అనలేదు. సైకిల్ కుర్రవాణ్ణి మాత్రం కూడిక పెట్టి అడిగాం. తూకపురాయి అందరికీ ఒకటే ఉండాలి. అయితే తమ్ముడూ, షిఫ్టు వేరొకరు వేస్తారు. నీ దారి నువ్వే వేసుకుంటావు. ఆ తేడా నీకూ తెలుసు.

నేను కోరేది

అభిప్రాయం చెప్పి ఊరుకుంటే లాభం లేదు గనుక నాలుగు విషయాలు సంఘం ముందు పెడుతున్నాను.

మొదటిది, ఆరాధన వేళ మారదు. తొమ్మిదిన్నరకే మొదలవుతుంది. తమ్ముడు నాలుగున్నరకు బయల్దేరి ఎనిమిదిన్నరకు తిరిగి రాగలిగినంత దారే ఆదివారం తొక్కాలి. పెద్ద దారులు సెలవురోజుల్లో పెట్టుకోవాలి. స్నానానికి వేళ చాలకపోతే సైకిల్ బట్టల మీద చొక్కా తొడుక్కుని వచ్చినా నాకు అభ్యంతరం లేదు. మందిరం పక్కన వేపచెట్టు కింద సైకిల్ పెట్టుకునే చోటు నేను చూపిస్తాను. పిల్లలు గేర్లు తిప్పకుండా చూసే బాధ్యత కూడా నాదే.

రెండోది, వచ్చే ఆదివారం నుంచి ఆరాధనలో ఐదు నిమిషాలు మైకు, కీబోర్డు ఆపేస్తాం. ఎవరూ ప్రార్థన పలకరు, ఎవరూ పాట ఎత్తరు. కూర్చుంటాం, అంతే. మొదట్లో కష్టంగా ఉంటుంది. పసిపిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. అరవై కిలోమీటర్లు తొక్కలేని మన అవ్వలకు కూడా నిశ్శబ్దం కావాలి.

మూడోది తమ్ముడి కోసం. దూరపు సైకిల్ యాత్రల్లో బ్రెవే అని ఒకటి ఉంటుందని నువ్వే నాకు చెప్పావు. రెండు వందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. దారిలో ఎవరూ వెంట రాకూడదు, ఎవరి బరువు వారే మోసుకోవాలి. కానీ మధ్యలో కంట్రోల్ పాయింట్లు ఉంటాయి. అక్కడ ఆగి కార్డు మీద ముద్ర వేయించుకోకపోతే, ఎంత వేగంగా తొక్కినా ఆ యాత్ర లెక్కలోకి రాదు. నీ ఆదివారపు దారికి నేనొక కంట్రోల్ పాయింట్ పెడుతున్నాను. పద్మనాభం దారిలో మంచం పట్టి మందిరానికి రాలేని మనవాళ్ల ఇళ్లు మూడు ఉన్నాయి. ప్రతివారం ఒక ఇంటి ముందు సైకిల్ ఆపు. లోపలికి వెళ్లి ఐదు నిమిషాలు కూర్చో, మంచినీళ్లు తాగు, ఒక కీర్తన చదివి ప్రార్థన చెయ్యి. గోస్తనీ దగ్గర వచ్చిన ఆ సొంత మాటలే అక్కడ పలుకు. కారులో నేను వెళ్తే వాళ్లు కంగారుపడి కుర్చీ కోసం వెతుకుతారు. చెమటతో సైకిల్ దిగినవాడికి అలాంటి మర్యాదలు ఉండవు, పక్కన కూర్చోబెట్టుకుంటారు. తిరిగి వచ్చాక వాళ్ల సంగతి ఆరాధనలో చెప్పు. అప్పుడు వాళ్లూ మనతో ఉన్నట్టే.

నాలుగోది జాగ్రత్త గురించి. ఒంటరిగా వెళ్లేవాడు ఏ దారిన వెళ్తున్నాడో, ఎన్నింటికి వస్తాడో ఇంట్లో చెప్పి వెళ్లాలి. పౌలు చెప్పి వెళ్లాడు కాబట్టే ఓడ ఆయనకోసం ఆగింది. వెనక ఎర్ర లైటు, ముందు లైటు, హెల్మెట్, జేబులో పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు రాసిన కార్డు ఉండాలి. హైవే మీద పోర్టుకు పోయే లారీలు చీకట్లో నిన్ను చూడవు. అమ్మకు చెప్పకుండా వెళ్లి దేవునితో మాట్లాడాననడం నాకు నచ్చదు.

చివరిగా ఒక మాట తల్లిదండ్రులకు. ఈ తగువంతా మగపిల్లవాడి గురించి నడిచింది. అదే ఒక ఆడపిల్ల తెల్లవారుజామున ఒంటరిగా సైకిల్ మీద వెళ్తానంటే, ఆదివారం సంగతి దాకా మాట వచ్చేదే కాదు. గుమ్మం దగ్గరే ఆగిపోయేది. మన దారులు వాళ్లకు ఇంకా అంత భద్రంగా లేవని నాకు తెలుసు, మీ భయం నాకు అర్థమవుతుంది. అయినా దేవునితో ఒంటరిగా ఉండే చోటు వాళ్లకూ కావాలి. అది డాబా మీదో, తోటలోనో, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లే దారిలోనో ఇంట్లో అందరూ కలిసి ఏర్పాటు చేయండి. ఆ గంటలో "అంట్లు తోమావా?" అని ఎవరూ పిలవకండి.

యెరూషలేముకు పండుగకు వెళ్లేవాళ్లు దారిలో పాడుకున్న యాత్ర కీర్తనలు మన బైబిల్లో పదిహేను ఉన్నాయి, నూట ఇరవై నుంచి నూట ముప్పై నాలుగు వరకు. వాటిలో ఒక్కడు కొండలవైపు కన్నులెత్తే పాట ఉంది, సహోదరులు ఐక్యత కలిగి కూడి ఉండటం ఎంత మేలో చెప్పే పాట కూడా ఉంది. రెండూ ఒకే దారిమీద పాడారు. ఈ వారం ఇంట్లో ఆ రెండు కీర్తనలు, నూట ఇరవై ఒకటి, నూట ముప్పై మూడు, కుటుంబ ప్రార్థనలో చదవండి. ఒకటి పెద్దవాళ్లు చదవండి, ఒకటి పిల్లల చేత చదివించండి.

ప్రార్థన: తండ్రీ, ఒంటరిగా నడిచేవాళ్లకు తోడుగా ఉండు. కూడి ఉన్నవాళ్లకు నిశ్శబ్దం నేర్పు. మా పెద్దల కష్టాన్ని మా పిల్లలు గౌరవించేలా, మా పిల్లల వెదుకులాటను మా పెద్దలు అర్థం చేసుకునేలా సహాయం చెయ్యి. ఈ ఆదివారం దారిమీద ఉన్న ప్రతి ఒక్కరినీ క్షేమంగా నీ బల్ల దగ్గరికి చేర్చు. యేసు నామములో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

మీ కాపరి